కొస వదిలిన కోటు

ఆగాగు, ముందా కత్తెర కింద పెట్టు. పెట్టావా? హమ్మయ్య. నీకు తొందరెక్కువ, అచ్చం మీ అమ్మ పోలికే. దారం వేలాడుతూ కనపడితే చాలు, కసుక్కున కత్తిరించెయ్యడమే. ఇటు తే ఆ కోటు. ఏంటీ, నువ్వేసుకుంటావా దీన్ని? భుజాలు చూడు, నీలాంటివాళ్ళు ఇద్దరు పడతారు. ఫ్యాషనా? సరే తల్లీ, మీ ఫ్యాషన్లు మీవి. మేమేమో చిరుగు కనపడకుండా చెయ్యడానికి కళ్ళు పోగొట్టుకున్నాం, మీరేమో చిరిగినవే ఏరికోరి కొనుక్కుంటున్నారు. ఇంకా నయం, ఆ పెట్టెలో పడుండి దుమ్ము కొట్టుకుపోయే బదులు ఎవరో ఒకళ్ళ ఒంటి మీదుంటుంది. వేసుకో, నేనేం వద్దనను. కానీ లోపలి జేబు దగ్గర వేలాడుతుందే, ఆ నల్లదారం, దాని జోలికి మాత్రం వెళ్ళకు. ఎందుకంటే... అబ్బా, ఎందుకంటే అని అడిగితే ఒక్క ముక్కలో చెప్పేది కాదది. కాస్త ఆ దిండు నా మోకాలి కింద పెట్టు. ఆఁ, అక్కడ. ఈ మోకాళ్ళకి నేనంటే ఏం కోపమో, కూర్చుంటే లేవనివ్వవు, లేస్తే కూర్చోనివ్వవు.

ఇది మీ తాతయ్యది, ఆ సంగతి నీకు తెలుసు. తాతయ్యది కూడా కాదులే, వాళ్ళ నాన్నది, ఆయన పోయాక ఈయన తొడుక్కున్నాడు. కానీ చెప్పాల్సింది ఆయన గురించి కాదు, మీ అమ్మమ్మ గురించి. మా అక్క. నువ్వు పుట్టేటప్పటికే వెళ్ళిపోయింది మహాతల్లి. ఫోటోలో చూసుంటావు, అదేదో అలిగినట్టు మూతి బిగించి నిలబడిందే, అది. నిజానికి అలగలేదు, ఫోటో తీసేవాడు నవ్వమన్నాడని బిగుసుకుపోయింది. ఎవరైనా ఏదైనా చెయ్యమంటే దానికి రెండోది చెయ్యబుద్ధేసేది. మా అమ్మ అనేది, "దీన్ని కూర్చోమనాలంటే నిలబడమనాలర్రా" అని.

మేమిద్దరం రఫ్ఫు కొట్లో పనిచేసేవాళ్ళం. రఫ్ఫు అంటే తెలుసా? కుట్టడం అనుకునేవు, కుట్టడం కాదు. చిల్లు పడ్డ చోట బట్టని మళ్ళీ నెయ్యడం. పడుగూ పేకా చూసుకుని, సూదితో ఒక్కో పోగూ కిందకీ పైకీ దూర్చుకుంటూ పోవాలి. ఆ పోగులు కూడా ఎక్కడివో తెచ్చి పెడితే కుదరదు, రంగు ఎంత కలిసినా తెలిసిపోతుంది. ఆ బట్టలోవే కావాలి. లోపల మడతలోంచో, అంచు దగ్గర్నుంచో మెల్లగా లాగి తియ్యాలి. అందుకే పాత బట్ట బాగుచెయ్యాలంటే చచ్చేచావు, మడతలో ఇక పోగులు మిగలవు. అక్క రఫ్ఫు చేసేది. నేనా? నాకంత ఓపికెక్కడిది, నేను బొత్తాలూ జిప్పులూ. మా మేస్త్రి, ఆ కొట్టాయన, రోజూ అనేవాడు, "నీ అక్క చేతిలో సూదుంది, నీ చేతిలో గునపం ఉంది" అని. వాడి మొహం. కళ్ళద్దాలు నుదుటి మీద పెట్టుకుని కొట్టంతా వెతుక్కునే మనిషి, నన్ననేవాడు.

ఆ కొట్లోనే ఇంకొకడుండేవాడు. ఎడంచెయ్యి అనేవాళ్ళం, ఎడంచేత్తో సూది పట్టేవాడు కాబట్టి. మా అందరి పోగుల చివర్లూ లోపలివైపు ఒక పక్కకి వాలితే, వాడివి రెండో పక్కకి వాలేవి. పైన చూస్తే ఎవరి పనో తెలీదు, తెలిస్తే అది రఫ్ఫే కాదు. లోపలికి తిప్పితే మాత్రం మాకు ఇట్టే తెలిసిపోయేది. నడక చూసి మనిషిని పోల్చుకుంటారు కదా, మేం అలా పోగు చూసి పోల్చుకునేవాళ్ళం. మా కొంపకి ఆ తెలివే నిప్పు పెట్టింది, ఆ మాట ముందుముందు చెప్తాను.

అక్కా వాడూ కిటికీ దగ్గర పక్కపక్కన కూర్చునేవాళ్ళు, వెలుతురు అక్కడే బావుంటుంది కాబట్టి. వెలుతురు కోసమే అని మేస్త్రి అనుకునేవాడు, పిచ్చిమారాజు. వాళ్ళదొక ఆట ఉండేది. ఏదన్నా కోటో ప్యాంటో వస్తే, మనిషిని చూడకుండానే, బట్టని బట్టి మనిషి ఎలాంటివాడో చెప్పుకోవడం. "మోకాళ్ళు చూడు, ఎవరి కాళ్ళు పట్టుకుంటున్నాడో పాపం" అని వాడు. "కాదు, చిన్నపిల్లలుంటారు, నేల మీద ఆడతాడు" అని అక్క. సాయంత్రం ఆ మనిషి రాగానే ఇద్దరూ పని మానేసి చూడ్డం, కిసుక్కుమని నవ్వుకోవడం. ఇంకోటుంది, అసలుది. అక్కకి ఒక పిచ్చి అలవాటు. పనంతా అయ్యాక లోపలివైపు చివరి పోగు మొదలంటా కత్తిరించకుండా బియ్యపుగింజంత కొస వదిలేది. మేస్త్రికి అది చూస్తే ఒళ్ళు మంట. "ఏంటా తోక? ఎలుకనా, బట్టనా?" అని అరిచేవాడు. అక్క తలెత్తేది కాదు. "రేపు ఇదే చోట మళ్ళీ చిరిగితే, బాగుచేసేవాళ్ళకి పట్టుకోడానికి ఒక కొసుండాలి కదండీ. లేకపోతే ఎక్కడ మొదలుపెట్టాలో తెలీక ఏడుస్తారు" అనేది. ఆ ఏడ్చేవాళ్ళెవరో, వాళ్ళ మీద దీనికంత జాలెందుకో. కొన్నాళ్ళకి ఎడంచెయ్యి కూడా కొస వదలడం మొదలుపెట్టాడు. అప్పుడు నాకర్థమైంది, ఓహో, వ్యవహారం ఇంతదూరం వచ్చిందా అని. మనిషి మీద ఇష్టం ఉంటే దాని పిచ్చి కూడా అంటుకుంటుంది కదా.

తర్వాతేముంది, అందరి కథే. ఇక్కడ ఎదుగూ బొదుగూ లేదన్నాడు, పెద్ద ఊళ్ళో పెద్ద కొట్టుంది, వెళ్ళి నిలదొక్కుకుని వచ్చి తీసుకెళ్తానన్నాడు. వెళ్ళాడు. వానలు రాగానే వస్తానన్నాడు. వానలొచ్చాయి, పోయాయి, మళ్ళీ వచ్చాయి. ఇది కళ్ళల్లో వత్తులు వేసుకుని ఆ కిటికీ దగ్గరే కూర్చుంది. పక్క కుర్చీలో ఇంకెవర్నీ కూర్చోనివ్వలేదు, దారపుండల బుట్ట పెట్టేది. ఏ సంబంధం వచ్చినా ఏదో వంక. పొడుగెక్కువ, పొట్టెక్కువ, మాటెక్కువ. మా అమ్మ తిట్టీ తిట్టీ అలిసిపోయి, చివరికి దాని పెళ్ళి మాటే ఎత్తడం మానేసింది. ఆ మానెయ్యడం అక్కకి తిట్టుకన్నా ఎక్కువ తగిలిందనుకుంటా. అప్పుడు మా మేనమామ తెచ్చాడు కాటా ఆయన సంబంధం. అంటే మీ తాతయ్య. కలప అడితిలో కాటా దగ్గర గుమాస్తా, దుంగలు తూకం వేయించేవాడు. తల్లి మంచాన పడితే ఆమెకి చేసీ చేసీ ఈయనకీ వయసు దాటిపోయింది. నోట్లో నాలుక లేని మనిషి. మొదటిసారి మా ఇంటికొచ్చి ఎంతసేపు కూర్చున్నా ఆయన మాట్లాడింది ఒక్కటే, "మీ గుమ్మం కొంచెం వాలింది, కింద చెక్క వేస్తే సరిపోతుంది" అని. పెళ్ళి కోసం వచ్చాడా, వడ్రంగం కోసం వచ్చాడా అని నవ్వలేక చచ్చాం. అక్క నవ్వలేదు. "సరే" అంది. అంతే, సరే. పరుగెత్తి పరుగెత్తి ఎక్కడో ఒక చోట కూలబడతామే, అలాంటి సరే.

పెళ్ళి ఇంకా కొద్ది రోజులుందనగా ఈ కోటు పట్టుకుని కొట్టుకి వచ్చాడు కాటా ఆయన. మోచెయ్యి దగ్గర చిల్లు. "నాన్నది, పెళ్ళికి ఇదే వేసుకుంటాను, వీలైతే చూడండి" అని. అక్క కోటు తీసుకుని వెలుతురు దగ్గరకెళ్ళి లోపలికి తిప్పింది. తిప్పి, అలాగే నిలబడిపోయింది. నేను బొత్తం కుడుతున్నాను, ఏంటే అని లేచాను. వెళ్ళి చూశాను. కింద అంచు దగ్గర పాత రఫ్ఫు ఒకటుంది, అరచేతిలో సగం. పోగుల చివర్లన్నీ ఎడమకి వాలి ఉన్నాయి. చివర్న బియ్యపుగింజంత కొస. ఎడంచెయ్యి పనే, ఇంకెవరిదవుతుంది? మెల్లగా వెనక్కి తిరిగి కాటా ఆయన్ని అడిగింది, "ఇదెక్కడ చేయించారండీ?" అని. గొంతు చూస్తే ఏమీ జరగనట్టే ఉంది. ఈయనకేం తెలుసు, అమాయకుడు, మంచి పనివాళ్ళ గురించి అడుగుతోందనుకుని విడమరిచి చెప్పాడు. కిందటి చలికాలం నది అవతల అడితిలో పనికెళ్ళాననీ, అప్పుడు చిరిగిందనీ, బస్సు దిగాక తాళాలు బాగుచేసే కొట్టుంటుంది, దాని పక్కనే మెట్లు, మెట్ల మీద పిల్లి పడుకుని ఉంటుంది, తొక్కకుండా వెళ్ళాలి అని. దారి అంత వివరంగా చెప్పాడమ్మా ఆ మనిషి. తన పెళ్ళికూతుర్ని ఎక్కడికి పంపిస్తున్నాడో తెలీకుండా చెప్పాడు.

మర్నాడు నన్ను కూడా లాక్కుపోయింది. వద్దే అని ఎంత మొత్తుకున్నా వినదు. పెళ్ళి పెట్టుకుని, బట్టలు కూడా తెచ్చేశాక, ఇప్పుడు వెళ్ళి ఏం చేస్తావే, వాడు రమ్మంటే వెళ్ళిపోతావా అని అడిగా. "ఏమో, వెళ్ళిపోతానేమో" అంది. అబద్ధం చెప్పడం రాదు దానికి. చేతిలో కోటు. మోచేతి చిల్లు ముందురోజే చేసేసింది, దానికీ కొస వదిలింది. "పని చేతిలో పెట్టినవాడికి ముందు పని ముగించాలి కదా, తర్వాత సంగతి తర్వాత" అంది. బస్సంతా ఆ కోటు ఒళ్ళో పెట్టుకుని ఆ పాత రఫ్ఫు తడుముతూనే కూర్చుంది. మొహంలో ఏం వెలుగని! అన్నాళ్ళుగా నేను మర్చిపోయిన మొహం అది. చూస్తుంటే సంతోషం వెయ్యలేదు, భయమేసింది నాకు.

మెట్లెక్కాం. పిల్లి ఉంది, చెప్పినట్టే. పైన చిన్న గది, కిటికీ దగ్గర ఒకావిడ కూర్చుని రఫ్ఫు చేస్తోంది. బక్కపల్చని మనిషి, నెమ్మదస్తురాలు. రండమ్మా అంది. అక్క ఆవిడ చేతులకేసి చూస్తోంది. నేనూ చూశాను. సూది కుడిచేత్తో పట్టుకుంది. పట్టింది కుడిచెయ్యి, చివర్లు తిప్పుతున్నది మాత్రం ఎడమకి. పని ముగించింది, బియ్యపుగింజంత కొస వదిలి కత్తిరించింది. అర్థమైందా నీకు? ఇది బస్సంతా ఎవరి చెయ్యి అనుకుని తడుముకుంటూ వచ్చిందో ఆ చెయ్యి వాడిది కాదు, ఈవిడది. ఈవిడ వాడి పెళ్ళాం. అక్క అడిగింది, "ఆ కొస ఎందుకండీ వదిలేశారు?" అని. ఆవిడ నవ్వి, "అది మావారి పద్ధతమ్మా. మళ్ళీ చిరిగితే బాగుచేసేవాళ్ళకి పట్టుకోడానికి ఉండాలంటారు. నా చెయ్యి పట్టుకుని అలాగే నేర్పించారు, నాకూ అదే అలవాటైపోయింది" అంది. మావారి పద్ధతట! నాకు నోటిదాకా వచ్చింది, ఆ పద్ధతి ఎవరిదో చెప్పనా అని. అక్క నా చెయ్యి గట్టిగా నొక్కింది. ఏం చేస్తాను, నోరు మూసుకున్నాను.

వాడు గది వెనకాల స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. మేం ముందు చూడనేలేదు. ఒళ్ళో ఏదో పాత బట్ట, వేళ్ళతో తడుముకుంటూ మడతలోంచి పోగులు లాగుతున్నాడు. చూపు పోయిందమ్మా. పూర్తిగా కాదు, వెలుతురూ నీడా తెలుస్తాయట, సూది పట్టే చూపు లేదు. అందుకే పెళ్ళానికి నేర్పి, ఆవిడ చేత చేయిస్తున్నాడు. జుట్టు కూడా ఊడిపోయింది, మా కొట్లో ఉన్నప్పుడు ఆ జుట్టు దువ్వుకోడానికే అరపూట పట్టేది. ఆవిడ అక్క చేతిలో కోటు తీసుకుని, "మనం చేసిందేనండీ, చూడండి" అని వాడికిచ్చింది. వాడు లోపలికి తిప్పి అంచు తడిమాడు, ఊఁ నీ పనే అన్నాడు. ఆ పైన మోచెయ్యి దగ్గరకి వేళ్ళు వెళ్ళాయి. అక్కడాగాయి. బొటనవేలితో ఆ కొస పట్టుకుని అటూ ఇటూ కదిపాడు. "ఇది నువ్వు చేసింది కాదే" అన్నాడు. "కాదండీ, అది కొత్తది" అంది ఆవిడ. ఆ మీదట తలెత్తి, మేమున్న వైపుకి కూడా కాదు, కొంచెం పక్కకి చూస్తూ, "వచ్చి ఎంతసేపయింది?" అన్నాడు. "చాలాసేపయింది" అంది అక్క. ఆ పెళ్ళాం వాడి మొహం చూసింది, అక్క మొహం చూసింది, చేతిలో సూది జాగ్రత్తగా గుడ్డకి గుచ్చిపెట్టి, "టీ తెస్తాను" అని చెంబు పట్టుకుని దిగిపోయింది. మంచి మనిషి. వాడికి అంత మంచి మనిషి ఎలా దొరికిందో.

అక్క ఒక్కటే అడిగింది. ఎందుకు రాలేదు అని. ఏం చెప్తాడా అని చూస్తున్నా. జబ్బు చేసింది, కళ్ళు పోయాయి, నీకు బరువవుతానని రాలేదు, అలాంటిదేదో చెప్తాడనుకున్నా. చెప్పలేదు. "మొదటి ఏడు డబ్బు నిలవలేదు. రెండో ఏడు నిలిచింది, కానీ అప్పటికే ఆలస్యమైంది, ఏ మొహం పెట్టుకుని రావాలి అనుకున్నా. అలా అనుకుంటూ అనుకుంటూ ఉంటే ఆలస్యం ఇంకా పెరిగింది. అంతే. కళ్ళు తర్వాత పోయాయి" అన్నాడు. అంతేనట! ఇది అన్నాళ్ళు కిటికీ దగ్గర కూర్చున్నదానికి కారణం అంతే! నాకు ఒళ్ళు మండిపోయింది. చెంప పగలగొడదామా అనిపించింది. గుడ్డివాణ్ణి కొడితే బావుండదని ఊరుకున్నాను గానీ, ఇప్పటికీ తలుచుకుంటే చెయ్యి దురద పెడుతుంది. అక్కకి మాత్రం కోపం రాలేదు. పక్కనున్న కుర్చీ లాక్కుని కూర్చుంది. వాడు ఆ కోటు ఒళ్ళో పెట్టుకుని, "ఎవరిది?" అన్నాడు. "నేను చేసుకోబోయే ఆయనది." "ఎలాంటివాడు?" అక్క ఆలోచించింది. "నాకేం తెలీదు. మోచేతులు మాత్రం తెగ అరగదీస్తాడు" అంది. వాడు నవ్వాడు. నవ్వి, కోటంతా తడమడం మొదలుపెట్టాడు, ఆ పాత ఆట ఉంది చూడు, అలాగే. "జేబులు సాగలేదు. చేతులు జేబులో పెట్టుకుని చోద్యం చూసే రకం కాదు" అన్నాడు. "కుడిభుజం అరిగింది. ఎవర్నో ఆనించుకుని నడిపించేవాడు, చాలాకాలం" అన్నాడు. "వాళ్ళమ్మని" అంది అక్క మెల్లగా. "ఈ బొత్తం ఊడితే తనే కుట్టుకున్నాడు. ముడి మీద ముడి, ముడి మీద ముడి. అబ్బ, ఏం పనితనం! పీకినా రాదు" అన్నాడు. అక్కకి కూడా నవ్వొచ్చింది. ఇద్దరూ నవ్వుతున్నారు, వాడు కనపడని కళ్ళతో, ఇది నీళ్ళు నిండిన కళ్ళతో. నేను గోడకేసి తిరిగి నిలబడ్డాను. ఏం చూడమంటావు ఇంక? ఆ టీ వచ్చేలోపే అక్క లేచింది. వాడు కోటు మడతపెట్టి ఇచ్చి, "మంచి కోటు. చాలాకాలం వస్తుంది" అన్నాడు. అంతే, అదే ఆఖరు. తర్వాత వాడున్నాడో పోయాడో మాకు తెలీదు. మేం అడగలేదు.

బస్సులో ఏడుస్తుందనుకున్నా. ఏడవలేదు, నిద్రపోయింది. నోరు తెరుచుకుని, నా భుజం మీద. దిగాక ఇంటి గుమ్మంలో అడుగు పెడుతూ అమ్మతో చెప్పేసింది, నాకు పెళ్ళొద్దు అని. ఇంక చూడు ఇల్లు! అమ్మ లబోదిబోమంది. మేనమామ వచ్చి, "నా పరువు తీస్తావా, అడితిలో వాళ్ళకి నా మొహం ఎలా చూపించుకోను?" అని గంతులేశాడు. అక్క మాత్రం మంచం దిగలేదు. వాణ్ణి మర్చిపోలేకపోతున్నావా అని నేనడిగితే, "అది కాదే. వాడి మీద కోపం కూడా రావట్లేదు, అదే భయంగా ఉంది. ఇన్నాళ్ళూ కనీసం ఎదురుచూడ్డం ఉండేది నా దగ్గర. ఇప్పుడదీ లేదు. ఖాళీగా ఉన్న మనిషిని పాపం ఆయనకెందుకివ్వడం?" అంది. దుప్పటి కప్పి వచ్చేశాను. అప్పటికి నాకూ పెళ్ళి కాలేదు, ఆ లెక్కలు నాకేం తెలుసు.

అక్క మళ్ళీ పనికొచ్చిన రోజే కాటా ఆయన కోటు కోసం వచ్చాడు. కొట్లోనే, మేస్త్రి ముందే, జరిగిందంతా చెప్పేసింది. ఒక్క ముక్క దాచలేదు. ఆ కొస సంగతి కూడా చూపించి మరీ చెప్పింది. ఈయన తలొంచుకుని విన్నాడు. మేస్త్రి కళ్ళద్దాలు దింపుకుని మరీ చూస్తున్నాడు, దొంగచచ్చినోడు. చివరికి కాటా ఆయన, "ఈ కొస ఉంచాలా, కత్తిరించాలా?" అని అడిగాడు. అక్క, "మీ ఇష్టం" అంది. "అయితే ఉంచుతాను. కాటా దగ్గర మోచేతులు ఆనించి కూర్చునే పని నాది, మళ్ళీ చిరుగుతుంది. చిరిగినప్పుడు తెస్తాను. తొందరేం లేదు" అన్నాడు. కోటు భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. పెళ్ళి మాటే ఎత్తలేదు. తేదీ వచ్చింది, పోయింది, మేనమామ మాతో మాట్లాడ్డం మానేశాడు, అదొక్కటే లాభం.

ఆ మరుసటి నెలే ఈయన మళ్ళీ ప్రత్యక్షం. ఇదే కోటు. ఇంకో చోట చిరిగింది. "అడితిలో మేకు తగిలింది" అన్నాడు. అక్క లోపలికి తిప్పి చూసింది. మేకు తగిలితే బట్ట పీక్కుపోతుంది, చిందరవందరగా చిరుగుతుంది. ఇదేమో నున్నగా, తిన్నగా, చాకుతో కోసినట్టుంది. రఫ్ఫు చేసేదాని దగ్గరా ఆ అబద్ధం! తండ్రి కోటమ్మా అది, ప్రాణం కన్నా ఎక్కువ చూసుకునేవాడు, దాన్ని కోసుకుని తెచ్చాడు పిచ్చిమనిషి. అక్క ఆయన మొహంలోకి చూసి, "మేకా?" అంది. "మేకే" అన్నాడు, చెవులు ఎర్రగా కందిపోయాయి. అప్పుడు నవ్విందమ్మా అక్క. కుర్చీ వెనక్కి వాలి, కడుపు పట్టుకుని నవ్వింది. ఆ పక్క కుర్చీలో దారపుండల బుట్టుందని చెప్పానా, అది తీసి కింద పెట్టి, "కూర్చోండి, ఇప్పుడే చేసిస్తాను" అంది. అలా అయింది మీ అమ్మమ్మ పెళ్ళి. కాపురంలో అన్నీ నవ్వులేనని కాదు. తిట్టుకున్నారు, మాట్లాడుకోకుండా నెలలు గడిపారు, ఈయన మౌనానికి ఇది గోడకి తల బాదుకునేది. కానీ ఇదిగో, ఈ కోటు చూడు. తిప్పు లోపలికి. ఇక్కడ, ఇక్కడ, కాలరు కింద, చంకలో, ఇవన్నీ పెళ్ళయ్యాక అక్క చేసినవే. ఎక్కడన్నా కొస ఉందా? వెతుకు. లేదు. మొదలంటా కత్తిరించేసేది. ఒకసారి అడిగాను, ఏమే, నీ ఎలుక తోకలేమైపోయాయి అని. "ఇంకెవరు బాగుచేస్తారే దీన్ని? నేనే కదా. నాకు కొసెందుకు, ఎక్కడ మొదలుపెట్టాలో నాకు తెలీదా?" అంది.

ఆఁ, నువ్వు కత్తిరించబోయిన నల్లదారమా. దానికే వస్తున్నా. అక్క పోయింది కదా, పోయాక ఈయన కొన్నాళ్ళు ఇక్కడే, ఈ కుర్చీలోనే కూర్చునేవాడు. వేసవిలో కూడా ఈ కోటు వేసుకునే కూర్చునేవాడు. ఒకరోజు నేను టీ ఇవ్వడానికొస్తే, కళ్ళద్దాలు పెట్టుకుని, లోపలి జేబు దగ్గర చిరిగితే సూదీ దారం పట్టుకుని తంటాలు పడుతున్నాడు. బూడిదరంగు కోటుకి నల్లదారం! ముడి మీద ముడి, ముడి మీద ముడి. నేనివ్వనా బావా, చేస్తాను అంటే, వద్దన్నాడు. అంతా అయ్యాక ఇదిగో, వేలెడంత దారం అలా వదిలేశాడు. నాకు నవ్వొచ్చింది. ఇదేంటి బావా, తోక ఇంత పొడుగ్గా వదిలావు అన్నాను. కోటు తొడుక్కుంటూ, మామూలుగా, ఊరెళ్ళిన మనిషి గురించి చెప్పినట్టు చెప్పాడు. "మీ అక్క చూస్తే తిడుతుంది. ఇదంతా విప్పి మళ్ళీ మొదట్నుంచీ చేస్తుంది. పట్టుకోడానికి దానికో కొసుండాలి కదా."

...

ఆ కిటికీ తలుపు కాస్త దగ్గరగా వెయ్యి, చలిగాలి వస్తోంది. వేశావా? వేసుకో మరి ఆ కోటు, చూద్దాం ఎలా ఉంటుందో.